ఎర్ర చారల సంఘానికి వయసు పెంచిన నక్క

ఒక పెద్ద అడవిలో, పోర్చుగల్ దేశపు పడమటి కొసన, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట, రెండు ఫుట్‌బాల్ సంఘాలు ఉండేవి. ఏటికి ఇవతల ఎర్ర చారల సంఘం, అవతల నీలి చారల సంఘం. ఆ అడవిలో సీసా బిరడాలు చేసే బెరడు చెట్లు ఎక్కువ. వాటి నీడన కూర్చుని జంతువులన్నీ ఏడాది పొడుగునా ఒక్క ఫుట్‌బాల్ గురించే మాట్లాడుకునేవి. ఎవరికైనా పిల్ల పుడితే కళ్ళు తెరిచిందా అని అడిగేవాళ్ళు కారు. సంఘంలో చేర్పించారా అని అడిగేవాళ్ళు.

ఎర్ర చారల సంఘం మామూలుగానే పుట్టింది. అడవిమీద మిడతలు వచ్చి పడిన ఏడు, ఏదో ఓడలోంచి జారిన బంతి ఒకటి ఇసుకలోకి దొర్లుకొచ్చింది. నీరుపిల్లులు దాన్ని తన్నాయి. మర్నాడు కుందేళ్ళు కూడా వచ్చాయి. కొన్నాళ్ళకి చారల బనీన్లు వచ్చాయి, ఆ తరువాత జీతాలు వచ్చాయి. జీతాలు వచ్చాక, సరదాకి ఆడేవాళ్ళు మనకెందుకని నీరుపిల్లుల్ని తీసేశారు. సముద్రం అవతలినుంచి ఒక చిలకను పిలిపించారు. గోల్ కొట్టకముందే రెక్కలు చాపి సంబరం చేసుకోవడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. గోల్ మాత్రం పడేది కాదు.

నీలి చారల సంఘం వరద ఏడు పుట్టింది. అంటే మిడతల ఏటికి ఒక్క ఏడాది ముందు. ఆ ఒక్క ఏడాదే ఎర్ర చారల వాళ్ళకి కంట్లో నలుసు. ఎందుకంటే అక్కడొక ఆనవాయితీ ఉండేది. ఏటా రెండు సంఘాలకీ పందెం జరిగే ముందు, చిన్న సంఘం అధ్యక్షుడు ఏరు దాటివెళ్ళి పెద్ద సంఘం అధ్యక్షుడికి తలవంచి దణ్ణం పెట్టాలి.

"ఏరా తమ్ముళ్ళూ, పాలపళ్ళు ఊడాయా?" అని అవతలి ఒడ్డున కప్పలు అరిచేవి.

"మేం గోల్స్ కొట్టేటప్పుడు మీరింకా గుడ్లలో ఉన్నార్రా!" అని బాతులు అందుకునేవి.

ఎర్ర చారల అధ్యక్షుడు నక్క. ఆయన ఏటేటా ఎన్నికల్లో ఒకే వాగ్దానం చేసేవాడు, నీలి చారలవాళ్ళని ఓడిస్తానని. ఏటేటా ఓడిపోయి వచ్చేవాడు. ఈసారి జనం మొహాలు చూస్తే అదే వాగ్దానం ఇంకోసారి చెల్లేలా లేదు. ఎన్నిక దగ్గర పడింది.

నక్క, సంఘ చరిత్రకారుడైన గాడిద పండితుణ్ణి పిలిపించాడు.

"పండితులవారూ, మన సంఘం ఎప్పుడు పుట్టింది?"

"మిడతల ఏడు, అధ్యక్షా."

"మళ్ళీ ఆలోచించండి."

గాడిద చెవులు ఒకసారి వెనక్కి వాల్చి, మళ్ళీ నిలబెట్టింది. "తమరు ఎప్పుడంటే అప్పుడు."

"అలా కాదయ్యా. ఆధారం ఉండాలి. చరిత్రన్నాక కాస్తయినా జరిగి ఉండాలిగా."

గాడిద గడ్డి నములుతూ ఆలోచించింది. "వరదకి ముందు కరువు ఏడు ఒకటి ఉంది. అప్పుడు ఏరు ఎండి, మన ఇసుక మీద పక్షులేవో కొన్నాళ్ళు బంతి లాంటిది తన్నుకున్నాయని ఒక వినికిడి ఉంది. సంఘం లేదు, పేరు లేదు. వరద రాగానే ఆ బంతి కొట్టుకుపోయింది, ఆట ఆగిపోయింది."

నక్క తోక గాల్లోకి లేచింది. "మన ఇసుకేనా?"

"మన ఇసుకే."

"అయితే మన సంఘమే! ఆ పక్షుల్లో ఎవరైనా బతికున్నారా?"

"కొంగలు. అవి ఎప్పుడో వలసపోయాయి. మిగతావాళ్ళ ఊసు లేదు."

"శుభం," అన్నాడు నక్క. "మైదానంలో గెలవలేకపోతే పోయె, పుట్టినరోజులో గెలుద్దాం."

అడవి ఆటల మండలి మాత్రం ఒక షరతు పెట్టింది. బతికున్న సాక్షి ఒకరు నిండుసభలో ఆ మాట చెప్పాలి. అంత పాత సాక్షి ఇవతలి ఒడ్డున ఒక్కరే ఉన్నారు. తాబేలవ్వ.

తాబేలవ్వ సంఘంలో మొదటి నెంబరు సభ్యురాలు. అక్కడ సభ్యులందరికీ చేరిన వరసలో నెంబర్లు ఉంటాయి. ముందున్నవాళ్ళు పోతే వెనకున్నవాళ్ళు ఒక్కో మెట్టు పైకి జరుగుతారు. అందుకే ఆ అడవిలో పెద్దవాళ్ళ ఆరోగ్యం గురించి అడిగేవాళ్ళు చాలామంది. "దగ్గు తగ్గిందా అవ్వా?" అని అడిగి, తగ్గిందంటే కాస్త నిరాశగా వెళ్ళేవాళ్ళు.

మొదటి నెంబరుకి ఇంకో గొప్ప కూడా ఉంది. ఓట్లు బెరడు చెట్ల కాయల్తో వేసేవాళ్ళు. మొదటి నెంబరువారి బుట్టలో కాయలు మిగతా సభ్యులందరి కాయలకీ సమానమని నిబంధన. ఆ నిబంధన పెట్టింది నక్కే. పెద్దలంటే ఆయనకి అంత గౌరవం. ఓటు వేళకి తాబేలవ్వ కునుకు తీసేది. నక్క ఆవిడని లేపకుండా, పాపం అలిసిపోయిందని, బుట్ట తనే మోసుకెళ్ళి తన డబ్బాలో పోసుకునేవాడు.

ఈ మధ్య తాబేలవ్వకి మతి నిలకడగా ఉండటం లేదు. క్యాబేజీ ఆకు ఎక్కడ పెట్టానా అని పొద్దంతా వెతికి, చివరికి నోట్లోనే ఉందని తెలుసుకునేది. ఎదుటివాళ్ళ మొహం గుర్తుండేది, పేరు జారిపోయేది. అందుకని రోజూ లేవగానే, తల బయట పెట్టకముందే, మిడతల ఏటి ఆ మొదటి ఆటని ఒకసారి తలుచుకునేది. ఎటునుంచి గాలి వీచింది, బంతి ఎంత తడిసి ఉంది, మొదట ఎవరు తన్నారు. అదంతా వరసగా వచ్చిందంటే, ఇవాళ్టికి ఫర్వాలేదు, నేనింకా నేనే అనుకునేది. అది కూడా పోతే లోపలేమీ ఉండదు, డొప్పే మిగులుతుంది అని భయం.

నక్కా గాడిదా తాజా క్యాబేజీ పట్టుకుని వచ్చారు.

"అవ్వా, మన సంఘం కరువు ఏడు పుట్టింది కదూ?" అన్నాడు నక్క.

"కాదు నాయనా. మిడతల ఏడు."

"కరువు ఏడు పక్షులు ఆడాయిగా. నువ్వూ ఉన్నావు."

"నేను లేను. ఆ ఏడు ఎండలకి మట్టిలో దూరి పడుకున్నాను. ఏ పక్షులో నాకేం తెలుసు?"

నక్క గాడిద వైపు చూసి, జాలిగా తల ఊపాడు. "చూశారా పండితులవారూ? పాపం, మరిచిపోయింది."

ఆ మాటకి తాబేలవ్వ మెడ ఇంత లోపలికి పోయింది.

"మరిచిపోలేదయ్యా. మిడతల ఏడు, గాలి సముద్రం మీదనుంచి..."

"క్యాబేజీ ఎక్కడ పెట్టావు అవ్వా?"

అవ్వ అటూ ఇటూ చూసింది. ఇప్పుడే ఇచ్చారు. కనపడలేదు. అది గాడిద నోట్లో ఉందని అవ్వకి తెలియదు.

"ఇప్పుడిచ్చిందే గుర్తు లేకపోతే, అంత పాత సంగతి ఎలా గుర్తుంటుంది చెప్పు?" అన్నాడు నక్క, కొడుకు అమ్మతో మాట్లాడినంత మెత్తగా. "నీ తప్పు కాదులే. వయసు. మేం ఉన్నాంగా, మేం గుర్తు చేస్తాం."

మూడు పూటలూ వచ్చి గుర్తు చేశారు. కరువు, ఇసుక, పక్షులు, నువ్వు. కరువు, ఇసుక, పక్షులు, నువ్వు. కొన్నాళ్ళకి, పొద్దున్నే ఆ మొదటి ఆటని తలుచుకోబోతే నీరుపిల్లుల మధ్యలో కొంగలు వచ్చి నిలబడ్డాయి. తాబేలవ్వ ఆ రోజు తల బయట పెట్టనే లేదు.

"అయ్యుంటుంది నాయనా," అంది చివరికి. "మీరందరూ అంటున్నారంటే అయ్యే ఉంటుంది."

సర్వసభ్య సమావేశం రోజు ఇసుక మీద నిలబడే చోటు లేదు. ముందు పుట్టినరోజు తీర్మానం, తరువాత దణ్ణం, ఆ తరువాత ఎన్నిక. నక్క ఆ వరసలోనే పెట్టాడు. నీలి చారల అధ్యక్షుడు ముంగిస పడవలో వచ్చి, మొహం ఇంత చేసుకుని ఒక పక్కన కూర్చున్నాడు. ఆయన వెంట తమ సంఘంలో కల్లా పెద్దదైన ఒక బొంతకాకి కూడా వచ్చింది. రెక్కల్లో సత్తువ లేక అది పడవ అంచున కూర్చునే వచ్చింది.

తాబేలవ్వ లేచి, "కరువు ఏడు... పక్షులు... నేనూ ఉన్నాను," అని గొణిగి కూర్చుంది. ఎవరి వైపూ చూడలేదు.

చప్పట్లు మిన్నంటాయి. గాడిద సంఘం ద్వారం మీద ఉన్న మిడతల ఏడు అన్న మాట చెరిపేసి కరువు ఏడు అని రాసింది. ముంగిస పళ్ళు కొరుకుతూ నక్కకి తలవంచాడు.

"ఇంకొంచెం వంచు తమ్ముడూ," అన్నాడు నక్క.

ఎర్ర చారల కోళ్ళు ఆనందం పట్టలేక ఉన్నచోటే గుడ్లు పెట్టేశాయి.

అప్పుడు బొంతకాకి గొంతు సవరించుకుంది.

"అధ్యక్షా, ఒక చిన్న సందేహం. కరువు ఏడు ఈ ఇసుక మీద ఆడిన పక్షులే మీ మొదటి సభ్యులంటారా?"

"అనుమానమేముంది?" అన్నాడు నక్క. "మా పూజ్యులు!"

"మరి బతికున్నవాళ్ళుంటే వాళ్ళ నెంబరు ఎంత?"

"ఒకటి! ఇంకేముంటుంది?"

"అయితే ఆ బుట్ట ఇలా ఇప్పించండి," అంది బొంతకాకి. "ఆడింది నేనే. కొంగలు, నేను. నా ఎడమకాలికి ఈ వంకర ఆనాటిదే."



"నువ్వు నీలి చారల కాకివి!" అని నక్క అరిచాడు.

"వరదకి బంతి అవతలికి కొట్టుకుపోయింది. బంతి వెంట నేనూ పోయాను. అక్కడ ఆ సంఘం పెట్టాను. ఈ సంఘానికి నేను రాజీనామా ఇచ్చినట్టు ఇక్కడెవరికైనా గుర్తుందా?"

ఎవరికీ గుర్తు లేదు. ఆటల మండలివాళ్ళు ముక్కులు దగ్గర పెట్టుకుని కాసేపు మాట్లాడుకుని, "కాకి అన్నది సబబే. తాబేలవ్వ రెండో నెంబరు," అన్నారు.

"ఇంకో మాట," అంది బొంతకాకి. "అధ్యక్ష పదవికి నేనూ నిలబడతాను."

అడవిపంది వెంటనే లేచి, "మా వర్గం ఓట్లు కాకి గారికే!" అంది. అడవిపంది వర్గానికి సిద్ధాంతం ఒకటే. నక్క ఎటుంటే అటు ఉండకూడదు. కాకి బుట్టకి ఆ కాయలు కూడా కలిస్తే తేలే లెక్క ఏమిటో, కోళ్ళకి కూడా అర్థమైంది. అడవిపంది వర్గంవాళ్ళు డబ్బాలు సర్దుతున్నారు.

ఈ సందట్లో బొంతకాకి కుంటుకుంటూ వెళ్ళి తాబేలవ్వ పక్కన చతికిలబడింది.

"అదేమిటి అక్కా, అంత నిండుసభలో అబద్ధమాడావు?" అంది మెల్లిగా. "కరువు ఏడు నువ్వు లేవుగా."

"లేనా?" అంది తాబేలవ్వ ఆత్రంగా.

"లేవు. నిన్ను నేను మొదట చూసింది మిడతల ఏడు. ఏటి అవతల కొమ్మ మీదనుంచి మీ మొదటి ఆట చూశాను. తడిసిన బంతి బండలా ఉంది కదూ? తన్నిన నీరుపిల్లికి వేలు బెణికి, ఒడ్డున కూర్చుని ఒకటే ఏడుపు. నువ్వేమో అందరూ ఆడుతుంటే ఆట వదిలేసి, దాని కాలికి తడి ఆకు చుడుతూ కూర్చున్నావు. చుట్టడం రాక మళ్ళీ మళ్ళీ ఊడిపోతోంది. నేను ఎంత నవ్వానో!"

తాబేలవ్వ కళ్ళు మూసుకుంది. తడి ఆకు. అవును. అరటాకు కాదు, అత్తి ఆకు. గరుగ్గా ఉండేది. ఇన్నేళ్ళూ పొద్దున్నే తలుచుకున్న దాంట్లో ఆ ఆకు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు వచ్చింది. దాని వెనకే గాలి వచ్చింది, నీరుపిల్లి మూలుగు వచ్చింది, కొంగలు ఒక్కొక్కటీ లేచి ఎగిరిపోయాయి.

ఆవిడ మెడ ఎంత పొడుగుందో ఆ రోజే అందరూ చూశారు.

అంతలో నక్క పరుగెత్తుకుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడ్డాడు.

"అవ్వా! నా తల్లీ! కొంప మునిగింది. మిడతల ఏడే అని చెప్పు! నువ్వు మొదట్నించీ అదేగా అన్నావు? సభలో సాక్ష్యం చెప్పింది నువ్వొక్కదానివే. నువ్వు చెబితే తీర్మానం రద్దయిపోతుంది!"

"ఏం చెప్పాలి నాయనా?"

"మిడతల ఏడని! సముద్రం మీదనుంచి గాలని! నీరుపిల్లులని! నీకంతా గుర్తుందిగా!"

తాబేలవ్వ ఆయన మొహం దగ్గరికి మెడ చాపింది.

"నేను మరిచిపోయాను కదా నాయనా," అంది. "నువ్వే చెప్పావు."

"నేనేదో మాటవరసకి..."

"మూడు పూటలా చెప్పావు. నీ తప్పు కాదులే. వయసు."

అని కునుకు తీసింది. కళ్ళు పూర్తిగా మూసుకోలేదని పక్కనున్న కాకికి మాత్రం తెలుసు.

బొంతకాకి అధ్యక్షుడైంది. గాడిద పండితుడు ఆ పూటే వచ్చి, "అధ్యక్షా, మన సంఘం ఎప్పుడు పుట్టిందంటారు?" అని వినయంగా అడిగాడు. కరువు ఏడే ఉండనీ అంది కాకి. ఎర్ర చారల సంఘమే పెద్దదని, అందులో తనకు ఏ అనుమానమూ లేదని అంది.

తరువాత మొదటి ఉత్తర్వు వచ్చింది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని చూడటానికి వట్టి చేతుల్తో పోవడం మర్యాద కాదు గనక, ఇకమీదట ఏటా పెద్ద సంఘమే ఏరు దాటి వెళ్ళి చిన్న సంఘాన్ని దీవించి, కాల్చిన కవళ్ళ చేపలు తినిపించి రావాలి. ఈ పనికి మాజీ అధ్యక్షులవారిని గౌరవ హోదాలో నియమించడమైనది.

ఇప్పటికీ పందెం రోజున నక్క చేపల గంప నెత్తిన పెట్టుకుని పడవ దిగుతాడు. అవతలి ఒడ్డున కప్పలూ బాతులూ వరసగా కూర్చుని నోళ్ళు తెరుస్తాయి.

"అన్నయ్యా, ముళ్ళు తీసి పెట్టవూ? మేం చిన్నపిల్లలం!"

నీతి: పెద్దవాళ్ళు మరిచిపోయారని పదేపదే అనకండి, ఎప్పుడో ఒకరోజు వాళ్ళు మీ మాట వింటారు.