వాపసు రాని సరుకు

ఆ ఉదయం శ్రీవాసవి పెట్టుకున్న పని చిన్నదే. భర్త జ్ఞానేశ్వర్‌తో కలిసి డోన్‌లో బస్సెక్కి కర్నూలు పోవాలి. మిక్సీ పెట్టెల్లో జార్లు కదలకుండా అడ్డుపెట్టే అట్ట ముక్కలు తెచ్చుకోవాలి. సాయంత్రం కొరియర్ బండి వచ్చేలోగా మిక్సీలన్నిటినీ కొత్త పెట్టెల్లోకి సర్దాలి. ఈలోగా మామగారు రామకోటయ్య అంగట్లో ఊరికే కూర్చుంటే చాలు. ఆయన ఊరికే కూర్చుంటాడని నమ్మడమే ఆమె చేసిన పొరపాటు.

స్టేషన్ రోడ్డులో రామకోటయ్యది పాత ఎలక్ట్రిక్ సామాన్ల అంగడి. తన దగ్గర కొన్న వస్తువు వాపసు వచ్చిన చరిత్ర లేదని ఆయన అందరికీ చెప్పుకునేవాడు. వాపసు తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి, కాఫీ తాగించి, వస్తువు బాగుచేసి మళ్లీ వాళ్ల చేతిలోనే పెట్టి పంపేవాడు కాబట్టి అది నిజమే. కోడలు వచ్చాక అంగడి ఆన్‌లైన్‌కు కూడా ఎక్కింది. ఎన్నడూ పేరు వినని ఊళ్లకు డోన్ మిక్సీలు బయల్దేరాయి. ఎంత ఉషారుగా పోయాయో అంత ఉషారుగా తిరిగి రాసాగాయి. జారు పగిలిందని ఒకరు, తిరగడం లేదని ఇంకొకరు. దూరాన ఉన్నవాళ్లకు కాఫీ ఇచ్చే దారి లేదు. పోను రాను రవాణా ఖర్చు అంగడి నెత్తినే పడేది. చివరికి ఆన్‌లైన్ కంపెనీ, ఈసారి కూడా వాపసులు మితిమీరితే అంగడిని తమ జాబితాలోంచి తీసేస్తామని హెచ్చరించింది.

శ్రీవాసవి కంగారుపడలేదు. వాపసు వచ్చిన పెట్టెలన్నీ ముందేసుకుని కూర్చుంది. పెట్టెలు మరీ పెద్దవి కావడంతో జార్లు లోపల దొర్లి పగులుతున్నాయి. పైగా కొరియర్‌వాళ్లు పెట్టె సైజు చూసి రేటు కడతారు గనుక ఆ ఖాళీకి కూడా ఖర్చే. వెంటనే చిన్న పెట్టెలు చేయించింది. ఈ సంగతి అన్నాల దగ్గర చెబితే రామకోటయ్య ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు.

"అంటే మనం దుడ్లిచ్చి డోన్ గాలిని డిల్లీకి పంపిస్తాండామా?" అన్నాడు.

కోడలి తెలివికి ఆయన ఛాతీ పొంగింది. అంత తెలివైన పిల్ల పనిలో తానూ ఓ చెయ్యి వేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

మర్నాడు కొడుకూ కోడలూ ఎక్కిన బస్సు కదిలిందో లేదో, ఆయన పెట్టెలు విప్పడం మొదలుపెట్టాడు. అమ్మిన ప్రతి వస్తువునూ కొన్నవాళ్ల ఎదుట తిప్పి చూపించి, పసుపు కుంకుమ పెట్టి ఇవ్వడం ఆ అంగడి ఆనవాయితీ. డిల్లీవాళ్లు ఎదుట లేకపోతే మాత్రం ఆనవాయితీ మానుకుంటామా అని, మిక్సీని తీసి ప్లగ్గు పెట్టాడు. భార్య అనసూయమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి పెదవి విరిచింది.

"ఉత్త జారు తిప్పితే ఏం తెలుస్తాది? గాలినైతే ఏ మిక్సీ అయినా నూరుతాది" అంది.

ఆ మాట ఆయనకు నచ్చింది. అనసూయమ్మ వేరుశనగలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేయించి తెచ్చింది. మొదటి మిక్సీ పొడిని మెత్తగా కొట్టింది. రెండోదీ కొట్టింది. మూడోది మధ్యలో మూలిగి ఆగిపోయింది. అది వాపసు రాబోయే రకమని ముందే కనిపెట్టినందుకు రామకోటయ్య మురిసిపోయి దాన్ని పక్కన పెట్టాడు. ఇంతలో కమ్మని వాసన వీధంతా పాకింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు సంగతి కనుక్కుని, ఎలాగూ తిప్పుతున్నారు కదా అని ఇళ్లకు పోయి కందిపప్పు, కరివేపాకు, నువ్వులు తెచ్చారు. కాదనడం ఆ దంపతులకు చేతకాదు. తలా ఒక మిక్సీ దగ్గర కూర్చున్నారు. ఒక్కో మిక్సీ ఒక్కో పొడి కొట్టింది. ఉచితంగా పొడి కొట్టించుకున్నందుకు మొహమాటపడి, అందరూ సగం పొడి అక్కడే వదిలి వెళ్లారు.

జార్లు తుడిచి కొత్త పెట్టెల్లో పెడితే అవి అటూ ఇటూ కదులుతున్నాయి. అట్ట ముక్కలేమో కర్నూల్లో ఉన్నాయి. రామకోటయ్య కాసేపు ఆలోచించి పొడుల వైపు చూశాడు. అనసూయమ్మ వాటిని కవర్లలో గట్టిగా మూటగట్టింది. జార్ల పక్కన మూటలు దూర్చి పెట్టె ఊపితే చప్పుడు లేదు. కొరియర్ డ్రైవరు హనుమేష్ ఆ రోజు తొందరగా వచ్చాడు. పెట్టెలన్నీ ఎత్తుకుని, పొద్దు నడినెత్తికి రాకముందే వెళ్లిపోయాడు.

శ్రీవాసవి వీధి మలుపులోనే తుమ్మింది. అంగట్లోకి వచ్చేసరికి గోడ మీద కూడా కారం ఉంది.

"మామా, మిక్సీలు యాడ?"

"పోయినాయమ్మా. నువ్వు చెప్పినట్టే సర్దినా. ఒక్కటి గూడా కదల్లే."

జరిగినదంతా ఆయన గర్వంగా చెప్పాడు. వింటూ వింటూనే ఆమె కూలబడింది.

"కొత్త మిక్సీలో కారం వాసనొస్తే వాడిన సరుకంటారు మామా. అన్నీ ఎనక్కొస్తాయి. మన అంగడి తీసేస్తారు."

రామకోటయ్య ముఖం మాడిపోయింది. జ్ఞానేశ్వర్ స్కూటరు తీసి హైవే దాకా తరిమాడు గాని బండి దొరకలేదు. మర్నాడు కర్నూలు గోడౌను నుంచి ఫోను వచ్చింది. ఒక పెట్టెలోంచి ఎర్రపొడి కారుతోందనీ, హమాలీలందరూ పని ఆపి తుమ్ముతున్నారనీ చెప్పి, లోపల ఏముందని అడిగారు. జ్ఞానేశ్వర్ మిక్సీ అన్నాడు.

"మిక్సీకి తుమ్ములు రావు కదప్పా" అన్నాడు అవతలి మనిషి.

జ్ఞానేశ్వర్ మరో కవరు పట్టుకుని కర్నూలుకు పరుగెత్తాడు. ఆ పెట్టె విప్పి, తుడిచి, మళ్లీ మూటగట్టి పంపించాడు. దాన్ని వదిలిపెట్టడానికి గోడౌనువాళ్లు కాస్త పొడి రుసుముగా పుచ్చుకున్నారు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. శ్రీవాసవి ఫోను వైపు చూడటానికే భయపడింది. రామకోటయ్య అంగట్లో ముందు కుర్చీ వదిలేసి వెనక గోనెసంచుల మధ్య కూర్చున్నాడు. పేరు నిలబెట్టబోయి పిల్ల వ్యాపారాన్ని ముంచానే అని ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

మొదటి కబురు నాగపూర్ నుంచి వచ్చింది. అన్నంలో పొడి కలుపుకున్న పళ్లెం ఫొటో పెట్టి, మిక్సీ బాగుంది, పొడి ఇంకా బాగుంది అని ఒకామె రాసింది. పుట్టింటి నుంచి సామాను వచ్చినట్టుందని, మిక్సీ మీది కుంకుమ బొట్టు ఫొటో తీసి పెట్టింది పూనాలో ఉన్న ఇంకొకామె. ఒక్క జారు పగల్లేదు. ఒక్క మిక్సీ మొరాయించలేదు. చిన్న పెట్టెల పుణ్యమా అని రవాణా ఖర్చు బాగా తగ్గింది. శ్రీవాసవి అవన్నీ బయటికి చదివి వినిపిస్తుంటే రామకోటయ్య గోనెసంచుల మధ్య నుంచి లేచి వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు.

అయినా శ్రీవాసవి నియమం తప్పే మనిషి కాదు. మిక్సీతో తినే వస్తువు పంపడం పద్ధతి కాదని, తర్వాతి సరుకును నీళ్లతో తిప్పి చూసి, అట్ట ముక్కలు పెట్టి, నిక్కచ్చిగా సర్ది పంపింది. అది మొత్తం వాపసు వచ్చింది. కారణం అందరూ ఒకటే రాశారు. పెట్టెలో వస్తువు తక్కువగా ఉందట. ఒకాయన మాత్రం తన బావమరిదికి కరివేపాకు పొడి వచ్చిందని, తనకూ అదే కావాలని వివరంగా రాశాడు.

కంపెనీ అధికారి ఫోను చేసి, కొన్నవాళ్లు ఫొటోల్లో చూసినది పెట్టెలో లేకపోతే అది మోసం కిందికి వస్తుందని గట్టిగా చెప్పాడు. పొడులైనా పెట్టండి, అంగడైనా మూయండి అన్నాడు. శ్రీవాసవి ఫోను పెట్టేసి కాసేపు మామగారి వైపు చూసింది. తర్వాత అత్తగారి వైపు చూసింది.

"అత్తా, బాణలి పెట్టు" అంది.

పొడులకు లైసెన్సు వచ్చింది. వీధి ఆడవాళ్లకు పని దొరికింది. వాపసులు దాదాపు ఆగిపోయాయి. చిన్న అంగళ్లవాళ్లు సరుకు ఎలా సర్దాలో డోన్‌ను చూసి నేర్చుకోవాలని కంపెనీవాళ్లు అందరికీ కబురు పెట్టారు. రామకోటయ్య ఆ కబురును బజారులో కనిపించిన ప్రతి మనిషికీ చదివించాడు. చదువురానివాళ్లకు తానే చదివి వినిపించాడు.

"మా కోడలిది శానా పెద్ద బుర్రప్పా. నేనేం జేసినా, ఆ పిల్ల చెప్పిందే జేసినా" అనేవాడు.

దసరా ముందు ఆర్డర్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. అంగట్లో మిక్సీలు పైకప్పు దాకా ఉన్నాయి. అయినా ఆన్‌లైన్‌లో మాత్రం నాలుగు రోజులు సరుకు లేదనే కనిపించింది. ముసురు పట్టి మిరపకాయలు ఎండలేదు.