మడమకు మిషను, మిషనుకు స్టూలు

మా అమలాపురంలో పనివాళ్ళ మడమల కోసం షాక్‌వేవ్ మిషను తెప్పించిన మొట్టమొదటి బట్టల కొట్టు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారిదేనని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రెండో కొట్టు ఇంకా ముందుకు రాలేదు కనుక ఆ ఘనత చెక్కుచెదరకుండా ఉంది.

ఆ కొట్టులో చీరలు చూపించే ఆడవాళ్ళు పొద్దున షట్టరు లేచింది మొదలు రాత్రి షట్టరు దిగేవరకు నిలబడే ఉంటారు. ఇందులో అన్యాయమేమీ లేదు. కూర్చున్న మనిషి చూపిస్తే పట్టుచీరకు కూడా నీరసం వస్తుందని కొట్టు పెట్టిన పెద్దాయన, అంటే సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి తండ్రిగారు, ఏనాడో కనిపెట్టారు. ఆయన ఫోటో దండతో సహా కౌంటరు వెనక ఉంది. అందులో ఆయన చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నారు.

పెళ్ళిచీరలు చూపించే ప్రసన్నకుమారిది అంబాజీపేట. ఆమెకు మడమ నొప్పి పట్టుకుంది. మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. కుంటుతూనే చీరలు తెచ్చేది. పెళ్ళిచీర కుంటుకుంటూ రావడం శుభం కాదని ఒకరిద్దరు యజమాని చెవిన వేశారు. ఆయన జాలిగుండె మనిషి. వెంటనే పిలిచారు.

"మాఘమాసం ముహూర్తాల్లోపు ఆ కుంటు తగ్గించుకో అమ్మాయ్. లేకపోతే నిన్ను మానిపించాల్సొస్తుంది. ఆ మాట అనడానికి నాకెంత బాధగా ఉంటుందో ఆలోచించు."

"ఆయ్, ఆలోచిస్తానండీ. ఒక స్టూలు వేయించేరంటే, బేరాలు లేనప్పుడు కాస్సేపు కూర్చుంటానండీ."

కొట్టులో మడతపెడుతున్న చీరలు సగంలోనే ఆగిపోయాయి.

"ఇవాళ స్టూలంటావు. రేపు దానికి మెత్తంటావు. ఎల్లుండి ఆనుకోవడానికి వెనక చెక్కంటావు. అప్పుడు నీకూ నాకూ తేడా ఏముంటుందే?"

ప్రసన్నకుమారి కుంటుతూ మళ్ళీ చీరల దగ్గరికి వెళ్ళింది.

ఫిజియోథెరపీ చేసే బెంజమిన్ గారిని పిలిపించారు. ఆయన మడమ నొక్కి చూసి రెండు మాటలు చెప్పారు. "షాక్‌వేవ్ ఇద్దామండీ. కోత ఉండదు, కుట్లు ఉండవు. కరెంటు షాకు కూడా కాదు, భయపడక్కర్లేదు. మడమకి జెల్ రాసి మిషను ఆనిస్తే టకటకమని తరంగాలు లోపలికెళ్తాయి. వారానికోసారి, కొన్ని వారాలు. ఇక రెండోదండీ, మధ్యమధ్యలో కూర్చోబెట్టండి. అది లేకపోతే ఇది నిలవదు."

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు రెండు మాటలూ శ్రద్ధగా విని, ఖరీదైనదాన్ని ఎంచుకున్నారు. స్టూలుకు ప్రారంభోత్సవం చెయ్యడం కుదరదు కదా.

మిషనుకు చాలా బాగా కుదిరింది. రోడ్డుకడ్డంగా ఫ్లెక్సీ కట్టారు. పెద్దలంతా సోఫాల్లో కూర్చున్నారు. మొదటి లబ్ధిదారు కనుక ప్రసన్నకుమారిని వేదిక మీద హారతి పళ్ళెంతో నిలబెట్టారు. ఆ ఫోటోనే తరవాత ఫ్లెక్సీకి ఎక్కించారు.

"మా కొట్టు ఆడపడుచుల పాదాలు లక్ష్మీదేవి పాదాలు!" అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు మైకులో. "ఆ పాదాలకు కష్టం కలిగితే నా ప్రాణం విలవిలలాడుతుంది! ఎంత ఖర్చయినా సరే, నా ఆడపడుచు నొప్పి లేకుండా నిలబడాలి!"

ఆయన ప్రాణం దీపాలు పెట్టే వేళదాకా విలవిలలాడింది. అంతసేపూ ప్రసన్నకుమారి ఆ పాదాల మీదే ఉంది.

మిషనును నిందించకూడదు. చెప్పిన పని చేసింది. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి బెంజమిన్ గారు మడమకు మిషను ఆనిస్తే ప్రసన్నకుమారి కళ్ళు మూసుకునేది. నొప్పి ఓర్చుకుంటోందని అంతా అనుకున్నారు. నిద్రపోతోందని తరవాత తెలిసింది. మిషను తగ్గించిన నొప్పిని కొట్టు మళ్ళీ పెంచేది. ఇద్దరూ ఎవరి పని వారు నిజాయితీగా చేశారు.

అయితే మిషను సున్నితమైనది. నేల మీద పెట్టకూడదన్నారు. దానికో స్టూలు వచ్చింది, మెత్తతో సహా. వరసగా పనిచేయిస్తే వేడెక్కుతుందన్నారు. "మిషను విశ్రాంతి తీసుకుంటున్నది, దయచేసి సహకరించండి" అని బోర్డు పెట్టారు. విశ్రాంతిలో ఉన్న మిషనును ఎవరూ ముట్టుకోకుండా పక్కన ప్రసన్నకుమారిని కాపలా నిలబెట్టారు.

ఇంత మంచి వసతి పనివాళ్ళకే పరిమితం కావడం యజమానికి నచ్చలేదు. పట్టుచీర కొన్నవారికి మడమ చికిత్స ఉచితమని ప్రకటించారు. రాజోలు నుంచి, మలికిపురం నుంచి మడమలు కార్లు దిగాయి. పనివాళ్ళ వంతు కొట్టు కట్టేశాక అన్నారు. తరవాత వచ్చే వారం అన్నారు. ఆ వారం కోసం ప్రసన్నకుమారి ఇప్పటికీ ఎదురుచూడవచ్చు, అభ్యంతరం లేదు.

మాఘం వచ్చింది. బేరాల తాకిడికి మిషను సొమ్మసిల్లింది. జాగ్రత్తగా దుప్పటి చుట్టి, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి రాజమండ్రి రిపేరుకు పంపారు. స్టూలు ఖాళీ అయింది.

ఆ మధ్యాహ్నం మలికిపురం లక్ష్మీతులసి గారు కూతురి పెళ్ళిచీరకని వచ్చి పరుపు మీద కూర్చున్నారు. ఆవిడ మడమ నొప్పి ఈ కొట్టులోనే తగ్గింది. ఎర్రంచు చూశారు. పచ్చంచు చూశారు. "ఇంకోటి చూపించమ్మా" అన్నారు. ప్రసన్నకుమారి కుంటుతూ వెళ్ళి తెచ్చింది, మళ్ళీ వెళ్ళి తెచ్చింది. ఆవిడ అంచు చూసుకుంటున్నంతలో వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చుంది.

"ఏవండోయ్! నేనిక్కడ కింద కూర్చుంటే ఆవిడ అంత ఎత్తున కూర్చుందేంటండీ!"

"మడమ నొప్పండీ. ఒక్క నిమిషమండీ."

"మాకు మాత్రం రాలేదేంటి? ఇక్కడికొచ్చే కదా తగ్గించుకున్నాం! నీకేం, ఇంట్లో ఉన్న వైద్యం!"

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు పరుగున వచ్చారు. స్టూలునూ, దాని మీది మనిషినీ చూశారు. బెంజమిన్ గారు చెప్పిన రెండో మాట ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. దాన్నీ అమలు చేశారు. ప్రసన్నకుమారి కాలికి ఆ సాయంత్రం నుంచే సంపూర్ణ విశ్రాంతి ప్రసాదించారు. అంబాజీపేటలో ఇప్పుడామె ఎంతసేపైనా కూర్చోవచ్చు. జీతం ఒక్కటే రాదు. ఫ్లెక్సీ మీద మాత్రం హారతి పళ్ళెంతో ఇంకా నిలబడే ఉంది.

లక్ష్మీతులసి గారిని తప్పు పట్టకండి. ఆ పూట పరుపు మీద ఇంకా చాలామందిమి ఉన్నాం. లేచి ఒక మాట అందామనే అనుకున్నాం. కాని అప్పటికే మా ఒళ్ళో చీరలు పరిచి ఉన్నాయి.

ఇంతవరకూ మీరు కూర్చునే చదివి ఉంటారు. అయ్యో, లేవకండి. ఈ కథ నచ్చకపోతే ఇంకోటి చూపిస్తాను.