గంగాలమ్మకు ప్రసాదించిన స్వేచ్ఛ

"స్వేచ్ఛ లేని సమానత్వం జైలు! సమానత్వం లేని స్వేచ్ఛ అడవి! ఈ రెండింటికీ పెళ్లి చేసే చారిత్రక బాధ్యత ఈనాడు మన అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం భుజాల మీద పడింది!"

1998 వేసవిలో ఒక ఆదివారం ఉదయం, విశాఖపట్నంలో, జాలరిపేటకు దగ్గరలో ఉన్న మా సాగరదీప్తి అపార్ట్‌మెంట్ సెల్లారులో ఈ ప్రకటన వెలువడింది. చేసినవారు చలమయ్యగారు. విన్నవాళ్లం మేమందరం. కాఫీ ఇంకా రాకపోవడం వల్ల ఎవరమూ లేచి వెళ్లలేని స్థితిలో ఉన్నాం.

నేను సంఘానికి కార్యదర్శిని. ఎన్నికల నాడు ఊళ్లో లేకపోవడం వల్ల ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

చలమయ్యగారిది కృష్ణా జిల్లా. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం, యూనియన్‌లో ఉపన్యాసం. భూమి, నీరు, గాలి అందరివీ అన్నది ఆయన సిద్ధాంతం. సెల్లారులో తన స్కూటరు పెట్టుకునే చోటుకు మాత్రం చుట్టూ గొలుసు కట్టి తాళం వేశారు. ఇదేమిటండీ అని అడిగితే, "సమసమాజం వచ్చేదాకా తాత్కాలిక ఏర్పాటు!" అన్నారు.

ఎదురింటి సత్యంగారిది గోదావరి జిల్లా. పోర్టులో ఆఫీసరు. ప్రభుత్వమనేది మనిషి నెత్తిన కూర్చున్న భూతమని, అది ఎంత త్వరగా దిగిపోతే అంత మంచిదని ఆయన వాదన. ఈ వాదనను ప్రభుత్వ జీతం తీసుకుంటూ, ప్రభుత్వ సెలవుల్లో, ప్రభుత్వ ఖర్చు మీద ఊళ్లు తిరిగి మరీ వినిపించేవారు. ఈ మధ్యే ఒక తెల్ల కారు కొన్నారు.

ఇద్దరూ ఒకరినొకరు "బావగారూ" అని పిలుచుకుంటూ ఏళ్ల తరబడి కొట్లాడుకున్నవాళ్లే. ఆ వేసవిలో ఏ గాలి సోకిందో రాజీ పడ్డారు. ఎవరి మీదా ఎవరి పెత్తనమూ ఉండదు. అది సత్యంగారి వాటా. ఆవరణంతా అందరిదీ, అది చలమయ్యగారి వాటా. రెండూ కలిపితే 'స్వేచ్ఛా సమతా ప్రణాళిక'. అందులో చందా ప్రస్తావన ఎక్కడా లేకపోవడంతో సభ హర్షధ్వానాలతో ఆమోదించింది.

సరిగ్గా అప్పుడే గేటు బయట గంగాలమ్మ బుట్ట దించింది.

గంగాలమ్మది జాలరిపేట. పొద్దున్నే హార్బరులో వేలంపాటలో చేపలు కొని, నెత్తిన పెట్టుకొచ్చి, మా గేటు ముందు ఎండలో కూర్చుని అమ్ముతుంది. సిద్ధాంతానికి లబ్ధిదారు కళ్లెదుటే దొరికితే నాయకులు ఊరుకుంటారా?

"గంగాలమ్మా! ఎండలో ఎందుకు? లోపలికొచ్చి మెట్ల కింద నీడలో కూర్చో. ఈ చోటు అందరిదీ!" అన్నారు చలమయ్యగారు.

"నిజంగానే అంతన్నారా బాబూ? రేపు లెగిసెల్లిపొమ్మనరు కదా?"

"నిన్ను లెమ్మనే హక్కు ఈ భూమ్మీద ఎవడికీ లేదు!" సత్యంగారు లేచి నిలబడి మరీ అన్నారు.

చప్పట్లు! కాఫీ కూడా వచ్చింది.

గంగాలమ్మ చేసిన పొరపాటల్లా ఆ మాటలు నమ్మడమే. మర్నాడు కత్తిపీటతో సహా వచ్చి మెట్ల కింద కూర్చుంది. మరికొన్నాళ్లకు ఆమె వెంట దేముడమ్మ ఎండుచేపల గంపతో దిగింది. చుట్టుపక్కల వీధుల జనమంతా మా సెల్లారుకు రావడం మొదలైంది. గంగాలమ్మ మొహం కళకళలాడింది. తర్వాత పిల్లులు వచ్చాయి. మా ప్రణాళికను అక్షరాలా అమలు చేసినవి అవే. సత్యంగారి కారు బానెట్ వెచ్చగా ఉంటుందని కనిపెట్టి, ఏ ఒక్కదాని పెత్తనమూ లేకుండా అన్నీ సమానంగా దాని మీద పడుకున్నాయి.

సత్యంగారు రహస్యంగా మా ఇంటికి వచ్చారు.

"చూడండి సెక్రటరీగారూ, ఆమె స్వేచ్ఛకు నేను వ్యతిరేకిని కాను. కానీ కారెక్కితే పడవెక్కినట్టుంది! మీరు కాస్త అధికారం ఉపయోగించాలి."

"ఎవరి మీదా ఎవరి పెత్తనమూ ఉండదని మనమే కదండీ..."

"పెత్తనం కాదండీ బాబూ! క్రమశిక్షణ!"

ఆయన మెట్లు దిగుతుండగానే చలమయ్యగారు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఎక్కివచ్చారు.

"నేను శ్రామికుల పక్షం. అందులో మార్పు లేదు. కానీ గంగాలమ్మ శ్రామికురాలా? చేపలు కొంటోంది, లాభానికి అమ్ముతోంది. పైగా దేముడమ్మను తెచ్చి బ్రాంచి కూడా తెరిచింది! ఇది పెట్టుబడిదారీ కాక ఏమిటండీ?"

అత్యవసర సమావేశం పెట్టాం. ఈ రెండు సిద్ధాంతాలకూ పొసగదనే మేధావులు ఆనాడు మా సెల్లారుకు వచ్చి చూడాల్సింది! చలమయ్యగారు ప్రతిపాదించారు. సత్యంగారు బలపరిచారు. కాఫీ రాకముందే తీర్మానం నెగ్గింది.

"శ్రీమతి గంగాలమ్మగారి స్వేచ్ఛను సంపూర్ణంగా గౌరవిస్తూ, ఇకపై మరెక్కడైనా కూర్చొనుటకు ఆమెకు ఇందుమూలముగా పూర్తి స్వేచ్ఛ ప్రసాదించడమైనది."

దాన్ని చదివి వినిపించే భాగ్యం కార్యదర్శిది.

"నాకర్తం కాలేదు బాబూ. పొమ్మంతన్నారా?" అంది గంగాలమ్మ.

"లేదమ్మా. స్వేచ్ఛ ఇస్తున్నాం."

ఆమె నాయకులిద్దరి కేసీ చూసింది. చలమయ్యగారు తన గొలుసు తాళం సరిచూసుకుంటున్నారు. సత్యంగారు కారు అద్దం తుడుస్తున్నారు.

"నాను అడిగినానేటి బాబూ? నా మానాన నాను ఎండలో కూకునేదాన్ని. పిలిసింది మీరే."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. దేముడమ్మ సాయం పట్టగా బుట్ట నెత్తికెత్తుకుని, గేటు ముందు కూడా ఆగకుండా, వీధి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి మా భవనానికి చేపలు ఆగిపోయాయి. ప్రణాళిక సంగతి ఎలా ఉన్నా వంటిళ్లలో తిరుగుబాటు మొదలైంది. చలమయ్యగారి భార్య గౌరీశ్వరిగారు పూటపూటా వంకాయే వండారు. సత్యంగారి భార్య సూర్యకళగారైతే, "ఆదివారం మా అన్నయ్య వస్తున్నాడు. వంజరం చేప తేకపోతే మీ తీర్మానమే పులుసు పెట్టి వడ్డిస్తాను!" అన్నారట. ఆ ఆదివారమే చలమయ్యగారింటికి కొత్తల్లుడు వస్తున్నాడు.

పొద్దున్నే ముగ్గురం సత్యంగారి కారులో ఫిషింగ్ హార్బరుకు వెళ్లాం. కాళ్ల కింద ఐసు నీళ్లు, చెవుల నిండా అరుపులు. ఆవేళ వేట అంతంతమాత్రం. పెద్ద వంజరం ఒక్కటంటే ఒక్కటే ఉంది. వేలంపాట మొదలైంది.

సత్యంగారు పాడారు. చలమయ్యగారు పెంచారు. సత్యంగారు మళ్లీ పాడారు. చలమయ్యగారు గుక్క తిప్పుకోకుండా మళ్లీ పెంచారు.

"అన్యాయం! ఒక్క చేపకు ఇంత ధరా? దీనికొక అదుపు ఉండక్కర్లేదా? అసలు ప్రభుత్వం ఏం చేస్తోంది?" అని అరిచారు సత్యంగారు.

"మధ్యలో ప్రభుత్వమెందుకు బావగారూ? కొనగలిగినవాడు కొంటాడు, లేనివాడు తప్పుకుంటాడు! వ్యాపారమంటే అంతే!" అన్నారు చలమయ్యగారు.

ఎవరి నోట్లోంచి ఏది వచ్చిందో నిర్ధారించుకోవడానికి నేను ఇద్దరి మొహాలూ మరోసారి చూశాను. మొహాలు మారలేదు.

ఇంతలో వెనక నుంచి ఒక ఆడగొంతు ఇద్దరి పాటనూ దాటేసింది. గంగాలమ్మ! పక్కన దేముడమ్మ, మరికొందరు ఆడవాళ్లు. అందరూ తలా కొంత వేసుకుని పాడుతున్నారు. చలమయ్యగారు జేబు తడుముకుని తప్పుకున్నారు. చేప ఆడవాళ్లదైంది.

"ఇది ముఠా!" అన్నారు సత్యంగారు.

"ఇది గుత్తాధిపత్యం!" అన్నారు చలమయ్యగారు.

"ఏటి బాబూ? కలిసి కొంతాం, ఎవలి వాటా ఆలే అమ్ముకుంతారు. ఎప్పుడూ ఇంతే కదా," అంది గంగాలమ్మ, వీళ్లకేమైందో తెలియక.

వాటాలు కోసుకుంటే నడిమి ముక్క గంగాలమ్మకు వచ్చింది. నాయకులిద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ ఆమె ముందు నిలబడ్డారు. ముక్క మొత్తం తనకే ఇమ్మని సత్యంగారు ఆమెను బతిమాలారు. తనకే ఇప్పించమని చలమయ్యగారు నా చెవిలో బతిమాలారు. గంగాలమ్మ దాన్ని సగానికి కోసి ఇద్దరి సంచుల్లోనూ చెరో సగం వేసింది.

సంచి బరువెక్కగానే మనసులు కరిగాయి.

"గంగాలమ్మా! రేపటి నుంచి మళ్లీ మన మెట్ల కిందికే వచ్చెయ్. ఇవాళే సమావేశం పెట్టి నీకు శాశ్వత హక్కు ఇచ్చేస్తాం!" అన్నారు చలమయ్యగారు. సత్యంగారు అక్కడికక్కడే బలపరిచారు.

గంగాలమ్మ భయంగా నా వైపు చూసింది. "వత్తాను గానీ బాబూ, మీరింక నాకేటీ ఇవ్వకండి."

కారు దగ్గరికి వచ్చాం. సత్యంగారు డోరు తీస్తూ ఆగిపోయారు. నీళ్లు కారుతున్న సంచులు చూశారు. కొత్త సీట్లు చూశారు. చలమయ్యగారు తన తెల్ల చొక్కా చూసుకున్నారు. ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. మరుక్షణం సంచులు రెండూ నా చేతుల్లో ఉన్నాయి!

"ఏ ఆటో అయినా ఎక్కే పూర్తి స్వేచ్ఛ మీకుంది సెక్రటరీగారూ," అన్నారు సత్యంగారు.

"రెండు సంచులూ సమానంగా పట్టుకోండి, చెయ్యి నొప్పెట్టదు," అన్నారు చలమయ్యగారు.

స్వేచ్ఛ, సమానత్వం పక్కపక్క సీట్లలో కూర్చుని, అద్దాలు పైకెత్తుకుని, కబుర్లు చెప్పుకుంటూ బీచ్‌రోడ్డు వైపు సాగిపోయాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరదని ఇంకెవరైనా అంటే నేను ఒప్పుకోను. చేపనీళ్లు మోకాళ్ల మీద కారుతుండగా, నా కళ్లతో నేను చూశాను.