ఇంగ్లండులో ఒక గెలుపు

స్కాట్లండు జట్లు ఇంగ్లండుకు వెళ్లి ఆడితే నెగ్గుకొస్తాయా రావా అన్న చర్చ ఇకమీదట పబ్బుల్లో జరగనక్కర్లేదనీ, ఆ సంగతి ప్రభుత్వమే తేల్చేస్తుందనీ క్రీడలు, ఆశయాలు, చేపల శాఖల మంత్రి మర్డో గిలిస్ గారు మంగళవారం ఉదయం గ్లాస్గోలో ప్రకటించారు. నెగ్గుకొస్తాయని తేల్చడానికి పద్నాలుగు మందితో కమిటీ వేశామనీ, కమిటీ పూర్తి నిష్పాక్షికంగా ఆ నిర్ణయానికే వస్తుందనీ హామీ ఇచ్చారు. విలేఖరులు చప్పట్లు కొట్టారు. మాంసం కూరి కాల్చిన వేడి వేడి మటన్ పైలు వస్తున్నాయని తెలిశాక మళ్లీ కొట్టారు.

మంత్రిగారి కుడిపక్క కుర్చీలో డూగీ రెన్విక్ కూర్చున్నాడు. ఫినియెస్టన్ రాయల్ ఫుట్‌బాల్ క్లబ్బుకి మేనేజరు. ఆటగాళ్లని ఎంచేదీ, ఆడించేదీ, తిట్టేదీ ఆయనే. తొమ్మిదేళ్లలో ఏడుసార్లు స్కాట్లండు లీగు గెలిచాడు. మిగతా రెండుసార్లూ రిఫరీలు గెలిచారు. ఈ మాట డూగీయే స్వయంగా చెప్పాడు కాబట్టి మనం అనుమానించకూడదు.

అంతటివాడికీ ఒక్క కోరిక తీరలేదు. ఇంగ్లండులో ఉద్యోగం. అక్కడ ఏ క్లబ్బయినా మేనేజర్ని ఇంటికి పంపితే చాలు, అది వాళ్లకి వారానికోసారి ఉండే పనే, మర్నాడు గ్లాస్గో పేపర్లన్నీ డూగీ ఫొటో వేసి "రెన్విక్ ఇంగ్లండుకు వెళ్తారా?" అని అడిగేవి. ఆయన భార్య ఊనా ఆ ముక్కలన్నీ కత్తిరించి ఆల్బంలో అంటించేది. మూడు ఆల్బంలు నిండాయి. ఫోను మాత్రం మోగలేదు. డూగీ పైకి నవ్వేసేవాడు గాని, ఫోను మోగని ప్రతిసారీ నిజంగా బాధపడేవాడు.

ఇంగ్లండులో ఆయన ఆడని వాడేం కాదు. స్నేహపూర్వక మ్యాచులకి ఐదుసార్లు జట్టుని తీసుకెళ్లి, ఐదుసార్లూ నేర్చుకుని వచ్చాడు. ఒకసారి పచ్చిక మరీ మెత్తగా ఉంది. ఒకసారి హోటల్లో పెట్టిన బఠాణీలు ఆటగాళ్లకి పడలేదు. కిందటేడు నాలుగు గోల్స్ తేడాతో ఓడినప్పుడైతే, బంతిలో వాళ్ల గాలి నింపారనీ, మన గాలి నింపి ఉంటే ఫలితం వేరేలా ఉండేదనీ అరగంట వివరించాడు. అది విన్నాకే మంత్రిగారు ఆయన్ని జాతీయ సలహాదారుగా వేసుకున్నారు.

కమిటీ నాలుగు నెలలు కష్టపడింది. ఇంగ్లండు మైదానాల నుంచి మట్టి తెప్పించి వాసన చూసింది. మన జట్టుతో అసలు పోటీ మ్యాచ్ ఆడమని అక్కడి క్లబ్బులకి ఉత్తరాలు రాసింది. ఇరవై క్లబ్బులూ తమకి ఖాళీ లేదని చాలా మర్యాదగా జవాబిచ్చాయి. వాటిలో ఒకటి మటుకు, ఇంతకీ మీరెవరు అని కూడా అడిగింది.

సరిగ్గా అప్పుడే డూగీకి ఉద్యోగాలు వెతికిపెట్టే ఏజెంటు వాళ్ల వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"డూగీ! ఇంగ్లండులో నార్త్‌మియర్ సిటీ క్లబ్బు చైర్మన్ ఆర్మరాడ్ లేడూ, ఆయన మేనేజరు పనికి నీ పేరు అనుకుంటున్నాడు!"

డూగీ టీకప్పు బల్లమీద పెట్టేశాడు. "నా పేరే? పూర్తిపేరా?"

"పూర్తిపేరే. కానీ ఒక షరతు. 'మీవాడు స్కాట్లండులో పులే. ఇంగ్లండు గడ్డ మీద ఒక్క పోటీ మ్యాచ్ గెలవమనండి. నేనే వచ్చి కూర్చుని చూస్తా. గెలిస్తే మైదానంలోనే చెయ్యి కలుపుతా' అన్నాడు."

"ఓడితే?" అంది ఊనా.

"ఓడితే అనే మాటెందుకు ఈ ఇంట్లో?" అన్నాడు డూగీ.

"మూడు ఆల్బంలు అతికించిందాన్ని. ఆమాత్రం అడగనీ. మనకి యాభై ఎనిమిది వచ్చాయి డూగీ. ఇదే ఆఖరి బస్సు."

ఆ మాట నిజమని డూగీకీ తెలుసు.

కానీ మ్యాచ్ ఎవరితో? ఈ చిక్కుముడి విప్పింది మంత్రిగారి కార్యదర్శి మోరాగ్ టెనెంట్. ఆవిడ ఫైళ్లు చదివే అలవాటున్న మనిషి. ఆ శాఖలో అలాంటివాళ్లు తక్కువ.

"మంత్రిగారూ, ట్వీడ్‌హావెన్ అని ఒక ఊరుంది. సరిహద్దు నది అవతల."

"అవతలంటే?"

"ఇంగ్లండు. కానీ ఆ ఊరి జట్టు మన లీగులో ఆడుతుంది. నూరేళ్ల నుంచీ అంతే. వాళ్ల దేశపు ఊళ్లు వాళ్లకి దూరం, మన ఊళ్లు దగ్గర. ప్రస్తుతం నాలుగో డివిజన్లో ఉన్నారు. కిందనుంచి రెండో స్థానం."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "ఇంగ్లండు గడ్డ. కిందనుంచి రెండో స్థానం. మోరాగ్, ఇలాంటి ఊరిని ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

స్కాట్లండు కప్పు పోటీలో ఎవరితో ఎవరు తలపడాలో గాజుగిన్నెలోంచి బంతులు తీసి తేలుస్తారు. ఆ ఏడు బంతులు తీసే గౌరవం మంత్రిగారికి దక్కింది. మొదట ట్వీడ్‌హావెన్ వచ్చింది, అంటే మ్యాచ్ వాళ్ల ఊళ్లోనే. వెంటనే ఫినియెస్టన్ రాయల్ వచ్చింది. ఆ రెండు బంతులూ మిగతావాటికంటే, చూడకుండా తడిమినా తెలిసేంత చల్లగా ఉన్నాయని పక్కన నిలబడ్డాయన ఎవరో గొణిగాడు. చేపల శాఖలో ఐసుకి కొదవేముంటుంది? ఇందులో వింతేం లేదు.

జనవరిలో శనివారం మధ్యాహ్నం. సముద్రం మీంచి గాలి, గాలితోపాటు మంచు కలిసిన వాన. రాయల్ జట్టు రెండు బస్సుల్లో దిగింది. ఒకదాన్నిండా ఆటగాళ్లు, రెండోదాన్నిండా కంప్యూటర్లు, వాటిని చూసి తలాడించే నిపుణులు. డూగీ దిగేసరికి ప్రేక్షకులు కూర్చునే చోట ఒకాయన నిచ్చెనెక్కి పైకప్పుకి రేకు బిగిస్తున్నాడు.

"ఏమయ్యా, ఈ జట్టు మేనేజరెక్కడ?"

"నేనేనండీ, హ్యూయీ ప్రింగిల్ని. మీరు రెన్విక్ గారు కదూ! ఆ మేకు కాస్త అందుకుందురూ."

డూగీ మేకు అందించాడు. హ్యూయీ ఇళ్ల కప్పులు వేసే మేస్త్రీ. స్కాట్లండు వైపు పుట్టి, నది ఇవతల పిల్లని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. మంగళవారం, గురువారం పని అయ్యాక జట్టుకి నేర్పిస్తాడు. మిగతా రోజుల్లో జట్టు దానంతటదే మరచిపోతుంది.

"ఇదయిపోయింది బాస్. ఇక ఆ పైల కొట్టు మీది కప్పొకటి మిగిలింది. చిల్లుల జల్లెడైపోయిందది" అంటూ దిగాడు హ్యూయీ.

"ఇవాళ మీ వ్యూహమేమిటో?" డూగీ పెద్దమనసుతో అడిగాడు.

"వ్యూహమేముంది బాస్. ఫస్టాఫ్ గాలి మా మొహాన కొడుతుంది. అప్పుడు బతికుంటాం. సెకండాఫ్ మా వీపున తోస్తుంది. అప్పుడు పైకి తంతాం."

"దీన్ని మేం ఊర్ధ్వ పరివర్తన అంటాం."

"అంటారా? మేం పైకి తన్నడం అంటాం."

డూగీకి జాలేసింది. కళ్లద్దాలు, ఒంటెరంగు కోటు, చేతిలో పొగలు కక్కే మాంసపురసం కప్పుతో ఆర్మరాడ్ కొత్త రేకుల కింద కూర్చుని ఉండటం చూశాక మాత్రం జాలి సంగతి మరచి, తన కోటు బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. మంత్రిగారు ఆ పక్కనే కూర్చున్నారు. అచ్చువేసిన నివేదిక కట్టలు మోరాగ్ ఒళ్లో ఉన్నాయి. ఫలితం తెలియక ముందే నివేదిక సిద్ధం చేసుకోవడంలో ఈ ప్రభుత్వానికి సాటి లేదు.

ఫస్టాఫంతా బంతి రాయల్ కాళ్ల దగ్గరే ఉంది. వెనకనుంచి గాలి తోస్తుంటే కొట్టిన ప్రతి బంతీ గోలు మీంచి ఎగిరి నదిలో పడింది. అలా పదకొండు బంతులు సముద్రం చేరాయి. నిపుణులు కంప్యూటర్లు చూసి, అద్భుతం, ఇదే మన ఉత్తమ ప్రదర్శన అన్నారు. డూగీ కూడా తలాడించాడు.

సెకండాఫ్‌లో, ఆట మొదలైన డెబ్బై నాలుగో నిమిషంలో ట్వీడ్‌హావెన్ గోల్‌కీపరు, వారంలో మిగతా రోజులు స్కూలు బస్సు నడుపుతాడు, బంతిని పైకి తన్నాడు. బంతి వెళ్లింది. వెళ్తూనే ఉంది. ఇరవై ఇద్దరూ ఆడటం మానేసి తలలెత్తి చూశారు. ఆ చివర ఒక్కసారి నేలకి తగిలి, దేశంలోకెల్లా గొప్ప గోల్‌కీపరని పేరున్న రాయల్ గోల్‌కీపరు నెత్తిమీంచి గెంతి వలలో పడింది. అందరికన్నా ఎక్కువ హడలిపోయినవాడు ఆ బస్సు డ్రైవరే.

డూగీ రిఫరీ మీదికి పరుగెత్తాడు. "ఇది ఏ దేశం గాలి? చెప్పు! ఏ దేశం గాలి ఇది?"

"వాతావరణ శాఖనడుగు బాస్. వెనక్కెళ్లి నిలబడు" అన్నాడు రిఫరీ.

మిగిలిన పదహారు నిమిషాల్లో డూగీ మైదానం వైపు చూడలేదు. ఒంటెరంగు కోటు వైపే చూశాడు. ఆఖరి విజిల్ మోగింది. ఒకటి, సున్నా. ఆర్మరాడ్ లేచాడు. మెట్లు దిగాడు. తిన్నగా డూగీ వైపే వస్తున్నాడు. ఓడినా ఆట నచ్చి ఉంటుంది, పెద్దమనుషులకి ఆటలోని లోతు తెలుస్తుంది అనుకుని డూగీ చెయ్యి కోటుకి తుడుచుకుని ముందుకు చాచాడు.

ఆర్మరాడ్ ఆ చెయ్యి పక్కనుంచి నడిచి వెళ్లి హ్యూయీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ కప్పు నువ్వే వేశావటగా? గంటన్నర కూర్చున్నాను. ఇంత వానలో నా మీద ఒక్క చుక్క పడలేదు! మా ఇంటి కప్పు రెండేళ్లుగా కారుతోంది. ఎప్పుడొస్తావు?"

"మార్చి దాకా ఖాళీ లేదండీ" అన్నాడు హ్యూయీ.

డూగీ చాచిన చేతిని జేబులో పెట్టుకున్నాడు. అది చాలాసేపు జేబులోనే ఉంది.

పైల కొట్టు ముందు ప్రెస్‌మీట్ మొదలైంది. మంత్రిగారి మొహం వెలిగిపోతోంది.

"స్కాట్లండు లీగులో ఆడే జట్టు. స్కాట్లండులో పుట్టిన మేనేజరు. ఇంగ్లండు గడ్డ మీద, సాక్షాత్తూ దేశ చాంపియన్లని మట్టి కరిపించారు. మనం ఇంగ్లండులో నెగ్గగలమని రుజువైపోయింది!"

"ఓడిందీ మనవాళ్లే కదండీ?" అన్నాడో విలేఖరి.

"ఓటమి స్థానిక విషయం. గెలుపు జాతీయం. మోరాగ్, నివేదికలు పంచమ్మా."

అప్పుడు ఫినియెస్టన్ రాయల్ చైర్మన్ గొంతు సవరించుకుని, డూగీ రెన్విక్ సేవలకి క్లబ్బు ఎంతో కృతజ్ఞతతో వీడ్కోలు పలుకుతోందని చెప్పాడు. ఆ సంగతి డూగీకి కూడా అప్పుడే తెలిసింది.

"అయితే హ్యూయీ ప్రింగిల్ని వేసుకుంటారా?" అన్నాడు అదే విలేఖరి.

చైర్మన్ దీర్ఘంగా ఆలోచించాడు. "మంచివాడే. కానీ ఆయన గెలుపులన్నీ ఇంగ్లండులో గెలిచినవి. అక్కడివాడు మన లీగులో నెగ్గుకొస్తాడా అంటే, చెప్పలేం."

ఆ సంగతి తేల్చడానికి మంత్రిగారు వెంటనే కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడిగా, ఇంగ్లండు పరిస్థితుల్ని ఆరుసార్లు ఆసాంతం అనుభవించిన ఏకైక నిపుణుడు డూగీ రెన్విక్‌ని అక్కడికక్కడే నియమించారు. ఇంగ్లండువాళ్లని దగ్గరనుంచి గమనించాలి కనక కార్యాలయం ట్వీడ్‌హావెన్‌లోనే, పైల కొట్టు మేడమీద గదిలో పెట్టారు.

మర్నాడు పేపర్లు పెద్దక్షరాల్లో వేశాయి: "రెన్విక్ ఇంగ్లండుకు వెళ్లారు." ఊనా ఆ ముక్కని జాగ్రత్తగా కత్తిరించి మూడో ఆల్బం అట్టమీద అంటించింది. లోపల చోటు లేదు.

కమిటీ మొదటి రోజున డూగీ బల్ల ముందు కూర్చున్నాడు. కప్పులోంచి చుక్కలు టపటపా ఫైలు మీద పడుతున్నాయి. ఫైలు పక్కకి జరిపి బకెట్ పెడుతుండగా ఫోను మోగింది.

"రెన్విక్ గారేనా? నేను ఆర్మరాడ్ని. నార్త్‌మియర్ సిటీ."

డూగీ లేచి నిలబడ్డాడు. టై సర్దుకున్నాడు. "చెప్పండి సార్. వింటున్నాను సార్."

అవతలి మనిషి చెప్పింది ఆసాంతం విని, "అలాగే సార్, తప్పకుండా" అని ఫోను బల్లమీద పెట్టి, కిటికీ తెరిచాడు. కింద హ్యూయీ గోల్‌పోస్టుకి వల కడుతున్నాడు.

"హ్యూయీ! నీకు ఇంగ్లండు నుంచి పిలుపొచ్చింది!"

"మార్చి దాకా ఖాళీ లేదని చెప్పండి బాస్" అన్నాడు హ్యూయీ తలెత్తకుండానే. "మీ గది కప్పు ఏప్రిల్లో."