మామగారి బండికి సొట్ట

ఆ రోజు తుర్దకున్ చేయాల్సిన పని ఒక్కటే. మామగారి మోటార్‌సైకిల్ మీద మిల్లుకు వెళ్ళి, బండి పక్కన తగిలించిన తొట్టిలో రెండు పిండి బస్తాలు వేసుకొచ్చి, సాయంత్రానికల్లా బండిని ఒక్క గీత పడకుండా తిరిగి అప్పగించాలి. అప్పగిస్తే వేసవంతా ఆ బండి అతనిదే. కొండ మీది పచ్చిక బయలు నుంచి పాల డబ్బాలు అరగంటలో ఊళ్ళోకి దించవచ్చు. లేకపోతే మళ్ళీ గాడిదే గతి. నిరుడు గాడిద కిందికి దిగేసరికి సగం పాలు విరిగిపోయేవి. భార్య బురుల్ అతన్నీ గాడిదనీ ఒకే చూపు చూసేది.

"దీన్ని ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు అల్లుడూ," అన్నాడు మామ అసనాలి, తాళం ఇచ్చీ ఇవ్వనట్టు ఇస్తూ. "మా అమ్మాయిని నీకిచ్చేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు."

పిండి దొరికింది. తిరిగొచ్చే దారిలో సాగునీటి కాలువ పొంగి మలుపంతా బురద చేసింది. బండి తొందరేమీ లేకుండా పక్కకు జారి, కాలువ గట్టును ఒరుసుకుని ఆగింది. తుర్దకున్ గడ్డిలో కూలబడ్డాడు. తన మోకాలికేమైందో చూసుకోకుండానే లేచి బండి దగ్గరికి పరుగెత్తాడు.

హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాడు. తిరిగింది. ఒక కన్ను మూసి రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూశాడు. చక్రం ఊచలు ఒక్కొక్కటే వేలితో మీటాడు. బ్రేకు బాగుంది, లైటు వెలిగింది. ఇంజన్ నుంచి నూనె కారుతోందేమోనని వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. చుక్క కూడా లేదు. అమ్మయ్య అనుకుని తల తిప్పేసరికి, తొట్టికి అవతలి పక్కన అరచేయంత సొట్ట కనిపించింది. ప్రాణం ఉసూరుమంది. లేవబుద్ధి కాక అక్కడే పడుకుండిపోయాడు.

అప్పుడే గుర్రం మీద ఆ దారినే వచ్చింది పక్కింటి ఉంసునాయ్ అవ్వ. ఆమెకు కనిపించినవి బండి కింద నుంచి బయటికి చాచుకున్న రెండు కాళ్ళు.

"ఎవర్రా అది? బతికే ఉన్నావా?"

"నేనేనవ్వా, తుర్దకున్‌ని. ఏం కాలేదు. నీకు పుణ్యముంటుంది, మా మామయ్యకి మాత్రం చెప్పకు."

అవ్వ మాట తప్పే మనిషి కాదు. అతని మామయ్యకు చెప్పలేదు. మిగతా ఊరందరికీ చెప్పింది.

తుర్దకున్ బురద కడిగి, సొట్టను లోపల్నుంచి భుజంతో నెట్టి చూసి, అది లొంగక, మెల్లగా ఇంటికి చేరేసరికి వాకిట్లో పెద్ద కడాయి కింద మంట మండుతోంది. కంచె మీద గొర్రె చర్మం ఆరుతోంది. తల్లి వచ్చి మీద పడింది.

"నా తండ్రీ! బండి నీ మీద నుంచి పోయిందట కదరా!"

"నేను గడ్డిలో కూర్చున్నానంతే అమ్మా."

"కూర్చోగలిగావు చూడు, అదే దేవుడి దయ!"

ప్రాణగండం తప్పిన మనిషి ఇంట వెంటనే రక్తం చిందాలి, గొర్రెను కోసి నలుగురికీ పెట్టాలి. ముందు కోస్తారు, వివరాలు తర్వాత అడుగుతారు.

"ఒక్క గంట ఆగాల్సింది కదా!"

"గండానికి ఆగుతారా ఎవరైనా?" అంది బురుల్ కళ్ళు తుడుచుకుంటూ. ఆమె ముందు ఉల్లిపాయల గుట్ట ఉంది కాబట్టి ఏడుపు ఎవరి కోసమో చెప్పటం కష్టం.

"మీ నాన్నని పిలిచారా?"

"ఆయన్ని పిలవకుండా మాంసం దించుతామా? పెద్దవాడిగా గొర్రె తల పెట్టాల్సింది ఆయనకేగా!"

తుర్దకున్ తొట్టి మీద కంబళి కప్పాడు. లాభం లేకపోయింది. వచ్చిన ప్రతి మగవాడూ చేతులు కడుక్కోకముందే బండి చుట్టూ తిరిగాడు. ముందు చక్రం వంగిందని ఒకడంటే, పుట్టుకే అంత అని ఇంకొకడు వాదించాడు.

భార్యతో సహా వచ్చిన అసనాలి అల్లుణ్ణి కావిలించుకుంటూనే అతని భుజం మీదుగా బండిని చూశాడు. అందరిలో పెద్ద కాబట్టి దీవెన ఆయనే పలకాలి. అరచేతులు పైకెత్తి, "మా పిల్లవాణ్ణి కాపాడిన దేవుడు ముందు ముందు కూడా కాపాడుగాక," అని, కాస్త ఆగి, "వాడి కిందనున్న దాన్ని కూడా," అన్నాడు. గొర్రె తల ముందు పెడితే ముట్టలేదు. లేచి బండి దగ్గరికి నడిచాడు. తుర్దకున్ కాళ్ళీడ్చుకుంటూ వెనకే వెళ్ళాడు.

అసనాలి కంబళి ఎత్తాడు.

"నావల్లే మామయ్యా. బురదలో జారింది. ఇదిగో తాళం," అన్నాడు తుర్దకున్. పాల డబ్బాలూ, గాడిదా, బురుల్ చూపూ కళ్ళ ముందు తిరిగాయి.

అసనాలి గబుక్కున కంబళి మళ్ళీ కప్పేశాడు. ఇంటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నోర్ముయ్. అది నా సొట్ట."

"మీదా?"

"మూడేళ్ళ కిందట. మీ అత్త వద్దంటున్నా వినకుండా చేపలకి పోయి వంతెన స్తంభానికి గుద్దాను. అప్పట్నుంచీ ఆ పక్కని గోడకి ఆనించే పెడుతున్నాను. నీకు పుణ్యముంటుంది, పాలు మోసుకో, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచుకో. మీ అత్తకి మాత్రం చెప్పకు!"

తుర్దకున్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఉన్నచోటనే నేల మీద కూర్చున్నాడు.

"మూడేళ్ళా?" అంది వెనక నుంచి అత్తగారు, చేతిలో టీ గిన్నెతో.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"చావు తప్పించుకొచ్చి, ఒక్క చుక్క రక్తం చిందించకుండా మూడేళ్ళు ఆ బండి మీదే ఊరేగావా? నాతో ఒక్క మాట అనకుండా?"

"చిన్న దెబ్బేనే…"

"చాల్లే! రేపు మనింట్లోనూ గొర్రె కోత. బండి అల్లుడి దగ్గరే ఉండనీ. ఇతను పడితే కనీసం ఊరందరికీ తెలుస్తుంది." తిట్టటం అయ్యాక కళ్ళు తుడుచుకుని, ఆ టీ గిన్నె భర్త చేతిలోనే పెట్టింది.

మర్నాడు అసనాలి ఇంట్లో ఊరంతా మళ్ళీ కూర్చుని, ఎముకలు చీకుతూ, ఇద్దరూ ఎంత అదృష్టవంతులో చెప్పుకున్నారు. రెండు ప్రమాదాల్లోనూ ప్రాణాలు పోయింది గొర్రెలకు మాత్రమే.