భోజనాల బల్ల మీద అడవి

భోజనాల బల్ల మీద అన్నం పెట్టుకోవడం అనాగరికం!

తొందరపడి తిట్టుకోకండి. అన్నం పెట్టుకోవడానికి వంటింటి గట్టు ఉంది. టీవీ ముందు ఒడి ఉంది. అంతగా కావాలంటే కిటికీ గట్టు ఉంది. బల్ల ఉన్నది ఆకులు పెట్టుకోవడానికి. కొమ్మలు, తీగలు, నాచు, వీలైతే ఒక చిన్నసైజు చెట్టు. సెలవు రోజున నలుగుర్ని భోజనానికి పిలిచి, ఆకన్నది లేని బల్ల మీద ఉత్త కంచాలు పరిచేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

ప్లాస్టిక్ పువ్వులు పెడితే చాలదా అంటారా? ప్లాస్టిక్ పువ్వులోంచి చీమ వస్తుందా? నత్త వస్తుందా? సహజమైన పచ్చదనం అంటే ప్రాణమున్న పచ్చదనం! ఆ ప్రాణం ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి పాకుతుంది, అదృష్టం బాగుంటే మీ కూరలోకి దూకుతుంది కూడా.

ఇంకా అనుమానమా? అయితే మా వీధిలో కళ్ళజోళ్ళ షాపాయన ఇంట్లో ఏం జరిగిందో వినండి.

ఆయన చూపు విషయంలో పెద్ద పేరున్న మనిషి. మీరు షాపు గుమ్మంలో నిలబడి సైన్‌బోర్డు చదువుతున్న తీరు చూసి, కుడికంటికి ఎంత పవర్ కావాలో లోపల్నించే చెప్పేస్తాడు. బస్సు నంబరు కనపడక ఒకాయన చెయ్యెత్తి ఆంబులెన్సుని ఆపితే, పరుగెత్తుకెళ్ళి కార్డిచ్చి వచ్చాడు.

ఇంతటివాడికి ఒక అన్నయ్య. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇద్దరికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు. ఆస్తి తగాదా అనుకుంటున్నారా? అంత చిన్న విషయానికి అన్నదమ్ములు విడిపోతారా! ఒకరోజు అన్నయ్య షాపుకొచ్చి బిల్లు కాగితాన్ని చేతులు బారజాపి చదువుతుంటే, తమ్ముడు నలుగురి ముందూ "అన్నయ్యా, నీకు చత్వారం వచ్చింది" అన్నాడు. అన్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా ఎవరో బంధువుల ఇంట్లో ముక్కు మీద కొత్త కళ్ళజోడుతో కనిపించాడు. ఎక్కడ కొన్నాడు? మాల్‌లో! సొంత తమ్ముడికి షాపుండగా, మాల్‌లో!

దానికన్నా చెంప ఛెళ్ళుమనిపించినా బాగుండేదని తమ్ముడు రెండు రోజులు అన్నం మానేశాడు. అప్పట్నించి ఎక్కడ ఎదురుపడినా ఒకరు సీలింగ్ ఫ్యాను వైపు, ఒకరు నేల వైపు చూసుకునేవాళ్ళు.

అలా కాలం సుఖంగా గడిచిపోతుండగా, వరసగా సెలవులొచ్చాయి. భార్య ఆయన పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూ, చాలా మామూలుగా అంది. "ఆదివారం బావగారినీ అక్కనీ భోజనానికి పిలిచాను."

"పిలిచేశావా? పిలిచేసి నాకు చెప్తున్నావా?"

"ముందు చెప్తే పిలవనిచ్చేవాళ్ళా?"

 ఆయనకి బోలెడంత దిగులు పట్టుకుంది. అన్నయ్య వస్తాడు. ఎదురుగా కూర్చుంటాడు. ముక్కు మీద ఆ మాల్ ఫ్రేము! గంటసేపు దాన్ని చూస్తూ ముద్ద ఎలా మింగడం? అలాగని ఇంట్లో సీలింగ్ ఫ్యాను వైపు ఎంతసేపు చూడగలడు, మెడ పట్టేయదూ?

అప్పుడే వాళ్ళమ్మాయి ఫోన్ పట్టుకొచ్చి తల్లికి ఒక వీడియో చూపించింది. తెల్లటి వంటింట్లో తెల్లటి చీర కట్టుకున్నావిడ భోజనాల బల్ల మధ్యలో నాజూగ్గా రెండు కొమ్మలు పడుకోబెట్టి, వాటికేసి మురిపెంగా చూస్తోంది.

"బాగుందే! మనమూ పెడదామా? గాజు గ్లాసులో నాలుగు ఆకులు, పక్కన రెండు కొమ్మలు. అంతే" అంది భార్య.

కళ్ళజోళ్ళాయన ఫోన్ చేతిలోకి తీసుకుని వీడియోని రెండుసార్లు చూశాడు. మూడోసారి చూస్తుండగా ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇవి బాగా పొట్టిగా ఉన్నాయోయ్. కాస్త ఎత్తుగా ఉండాలి."

"ఎంత ఎత్తు?"

"కూర్చున్న మనిషి కనుబొమల దాకా."

చూశారా! ఏనాడూ కుండీకి నీళ్ళు పొయ్యని మనిషికి రాత్రికి రాత్రే ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పచ్చదనం మహిమ అంటే అదీ!

ఆదివారం పొద్దున్నే ఆయన నర్సరీకి వెళ్ళాడు.

"ఏం మొక్కలు కావాలి సార్? పూలవా, ఆకులవా?" అన్నాడు నర్సరీ అతను.

"దట్టంగా ఉండేవి. అడ్డానికి."

"దేనికడ్డం సార్? ఎండకా, దుమ్ముకా?"

"మా అన్నయ్యకి."

నర్సరీ అతనూ సంసారం ఉన్నవాడే. ఇంకో ప్రశ్న వెయ్యకుండా, గుబురుగా ఉన్న ఫెర్న్ కుండీలు ఆటోలోకి ఎక్కించాడు. వచ్చేదారిలో పార్కులో తోటమాలి కంచె మొక్కలు కత్తిరిస్తూ కనపడితే, ఆ కొమ్మలన్నీ కట్టలు కట్టించి పైన వేయించాడు. ఇంట్లో వరండా గ్రిల్లుకి అల్లుకున్న మనీప్లాంట్‌ని కూడా ఊడబెరికి, కుండీకీ కుండీకీ మధ్య దండెంలా కట్టాడు.

వంట మధ్యలో భార్య గాజు గ్లాసులో నాలుగు ఆకులు పెట్టుకుని ముచ్చటగా హాల్లోకొచ్చింది. వచ్చి, ఆగిపోయింది.

"ఏవండీ, బల్ల ఏది?"

"ఇక్కడే ఉంది. కింద కాళ్ళు కనపడట్లా?"

"మరి కంచాలు?"

"అంచున సర్దుకుంటే సరి."

"గిన్నెలు?"

"ప్రకృతిలో కలిసిపోయేలా అక్కడక్కడా పెట్టు."

ఆవిడ గ్లాసు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. పొయ్యి మీద కూర మాడుతోంది మరి.

మధ్యాహ్నం అన్నయ్య, వదిన వచ్చారు. అందరూ కూర్చున్నారు. కూర్చున్నారనే అనుకోవాలి! కుర్చీలు జరిగిన చప్పుడు వినపడింది, ఆకులు కదిలాయి, అంతే. కళ్ళజోళ్ళాయన నిటారుగా కూర్చుని ఎదర చూశాడు. ఫెర్న్ తప్ప ఏమీ లేదు. ఎంత హాయి! అన్నయ్య లేడు, ఫ్రేము లేదు, మాల్ లేదు. ప్రపంచంలో ఇంత శాంతి ఏ చర్చలతో సాధ్యం?

ఇక ఆ భోజనం వల్ల కలిగిన లాభాలు ఒకటా రెండా! బంగాళాదుంప వేపుడు గిన్నె ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. వెతుక్కుని తిన్నది ఒంటికి పడుతుందని డాక్టర్లు ఇంకా చెప్పలేదు గాని, చెప్పే రోజు దగ్గర్లోనే ఉంది. సలాడ్ ఎక్కడ ముగిసిందో, అలంకరణ ఎక్కడ మొదలైందో కనుక్కోవడం కష్టమైంది.

"పెద్దమ్మా, అది సలాడ్ కాదు, డెకరేషన్!" అని అమ్మాయి అరిచేసరికే వదిన సగం నమిలేసింది.

"అవునా? బాగానే ఉందే! కాస్త నిమ్మకాయ పిండు" అందావిడ.

చీమలు క్రమశిక్షణగా వరస కట్టాయి. గొంగళిపురుగు ఒకటి బల్ల పొడవు కొలుస్తూ బయల్దేరింది. కంచె కొమ్మలతోపాటు పిలవకుండా వచ్చిన ఊసరవెల్లి నీళ్ళ జగ్గు మీదెక్కి కూర్చుని, ఒక కంటితో అన్నని, ఒక కంటితో తమ్ముణ్ణి చూసింది. ఆ గదిలో ఇద్దర్నీ కలిపి చూసిన ప్రాణి అదొక్కటే.

మాటలు కూడా ఎంత మర్యాదగా సాగాయనుకున్నారు!

"వదినా, మీ పక్కనున్నాయనకి అన్నం కావాలేమో కనుక్కోండి."

"అమ్మాయ్, ఆ వైపున్న మనిషిని నీళ్ళు ఇటు జరపమను."

అన్నం అనగానే ఆకుల సందులోంచి ఒక చెయ్యి వచ్చి అన్నం వడ్డించి వెళ్ళిపోయేది. పులుపు తక్కువైందంటే నిమ్మముక్క వచ్చేది. ప్రకృతి మాత అంటారే, ఆవిడ ఇలాగే ఉంటుంది కాబోలు!

భోజనం సగంలో అసలు సంగతి జరిగింది. అన్నయ్యకి వేపుడు వాసన తగిలింది. వాసన పట్టుకుని ఫెర్న్‌లోకి తల దూర్చాడు. తల వెనక్కి వచ్చింది గాని, కళ్ళజోడు రాలేదు. మనీప్లాంట్ తీగ దాన్ని కొక్కెం వేసి లాక్కుంది.

"నా కళ్ళజోడు!"

అన్నయ్య రెండు చేతులూ ఆకుల్లోకి పోనిచ్చి తడమడం మొదలుపెట్టాడు. ఇవతల కళ్ళజోళ్ళాయన పరిస్థితి ఏమిటి? శత్రువుదైనా సరే, కళ్ళజోడు పోయిందన్న మాట వినపడితే ఆగే చెయ్యి కాదది. ఆయన ప్రమేయం లేకుండానే ఆకుల్లోకి దూరిపోయింది.

కాసేపు ఆ అడవి అటూ ఇటూ ఊగింది. తర్వాత అవతల్నించి కంగారుగా వినపడింది.

"ఇదేదో మెత్తగా తగులుతోంది. పురుగా?"

"పురుగు కాదు. నా చెయ్యి."

కొన్నేళ్ళ తర్వాత అన్నతో తమ్ముడు అన్న మొదటిమాట అదీ!

అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. కళ్ళజోళ్ళాయన మెల్లిగా కళ్ళజోడు బయటికి తీశాడు. తుడిచాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆయన మొహం మాడిపోయింది.

"ఇదేంటన్నయ్యా, ఎడమ కాడ ఇంత వంకరగా ఉంది? చెవి వెనక నొప్పి లేదూ?"

ఆకులవతల కుర్చీ కిర్రుమంది.

"ఉంది."

"ఎప్పట్నించి?"

"కొన్నప్పట్నించి."

"మరి వాళ్ళకి చెప్పలేదా?"

"ఎవరికని చెప్పనురా? వెళ్ళిన ప్రతిసారీ కొత్త మనిషి. వెల్‌కమ్ సార్ అంటాడు, నా చెవి వంక చూడడు."

"నా దగ్గరికి రావచ్చు కదా!"

"ఎలా వస్తాను? నలుగురి ముందూ ముసలాడివైపోయావన్నావు."

"చత్వారం వచ్చిందన్నాను. ముసలాడివని ఎప్పుడన్నాను?"

"రెండూ ఒకటే కదురా."

కళ్ళజోళ్ళాయన చొక్కా జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, కాడ సరిచేస్తూ, తలెత్తకుండా అన్నాడు. "ఒకటే అయితే నేను నీకన్నా ముందే ముసలాణ్ణయ్యాను. నాకు నీకన్నా ముందే వచ్చింది. షాపులో ఎవరూ చూడకుండా పెట్టుకుంటున్నాను."

ఆకులవతల ఒక వింత చప్పుడైంది. అన్నయ్య నవ్వుతున్నాడో, ముక్కు చీదుతున్నాడో ఎవరికీ కనపడలేదు. ఆ మాత్రం చాటు మనిషికి ఉండొద్దూ?

కళ్ళజోడు ఆకుల్లోంచి అవతలికి వెళ్ళింది. "అబ్బ!" అన్న మాట ఇవతలికి వచ్చింది. ఆ తర్వాత, "ఈ గడ్డి కాస్త పక్కకి జరపరా, నీ మొహం చూద్దాం" అన్నాడు అన్నయ్య. జరపడం ఎవరి తరమూ కాలేదు, అంత గట్టిగా కట్టాడు. చివరికి ఇద్దరూ బల్ల చివరికొచ్చి, పక్కకి వంగి, ఒకరి తల ఒకరు చూసుకున్నారు.

"లావెక్కావురా."

"నువ్వు చిక్కిపోయావు."

కళ్ళజోళ్ళాయన ఆనందానికి హద్దు లేదు. "ఏమోయ్, విన్నావా? అన్నయ్యకి ఇన్నాళ్ళూ చెవి నొప్పిట!" అన్నాడు భార్య కుర్చీ వైపున్న పొదకి. పొద కదిలింది. "కూర అద్భుతం, వదిన అడుగుతోంది ఎలా చేశావని!" అన్నాడు. పొద మళ్ళీ కదిలింది. ఆవిడది ముందునించీ తక్కువ మాట్లాడే స్వభావమే.

సాయంత్రం అన్నావదినలు వెళ్ళిపోయారు. అమ్మాయి ఫోటోలు పంపితే చుట్టాలంతా పొగిడారు. ఫోటోల్లో ఆకులున్నాయి, అన్నదమ్ములున్నారు, ఊసరవెల్లి కూడా చక్కగా పడింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తృప్తిగా పొదతో అన్నాడు. "చూశావుటోయ్! ఇదంతా ఆకుల చలవే. ఏమంటావు?"

పొద ఏమీ అనలేదు. ఆయన లేచి వెళ్ళి ఆకులు విడదీసి చూశాడు. కుర్చీలో భార్య లేదు. మనిషెత్తున కంచెకొమ్మల కట్టలున్నాయి, ఫ్యాను గాలికి ఊగుతూ.

"ఇవి ఇక్కడెవరు పెట్టారు?"

"నేనే నాన్నా" అంది అమ్మాయి. "పొద్దున మిగిలినవి ఎక్కడ పెట్టమంటావని అడిగితే, ఆ కుర్చీలో పెట్టు, అది ఎప్పుడూ ఖాళీయేగా అన్నావు."

"అది మీ అమ్మ కుర్చీ కదే!"

"అవును" అంది అమ్మాయి.

మీరు ఆకుల్ని ఆడిపోసుకోబోతున్నారని నాకు తెలుసు. అన్యాయం! ఆకులు లేని రోజుల సంగతేమిటి? పెళ్ళైన నాటినించీ ఆ బల్ల మీద నీళ్ళ జగ్గు, ఉప్పు డబ్బా తప్ప అడ్డేమీ లేదు. ఉప్పు డబ్బా వెనక మనిషి దాక్కోలేదు. మరి చూపు విషయంలో ఇంత పేరున్న మనిషికి ఆ కుర్చీ ఖాళీ అని ఇన్నేళ్ళూ కనపడలేదా? అదేం మాట, శుభ్రంగా కనపడింది! కనపడబట్టే కదా అక్కడ కట్టలు పెట్టించాడు!

ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. ఆవిడ గట్టు పక్కన నిలబడి, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుంటోంది.

"నువ్వు తినలేదా?"

"ఇదిగో, ఇక్కడే కానిచ్చేస్తున్నాను. కూర్చుంటే మళ్ళీ లేవాలి కదండీ."

ఆయన హాల్లోకి వెళ్ళి కట్టలన్నీ వరండాలో పడేశాడు. కుర్చీ తుడిచాడు. బల్ల మీద ఒక కంచం పట్టేంత మేర ఫెర్న్‌ల్ని కోసేశాడు. భార్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆవిడ ఆ గదిని ఆ వైపునించి ఎప్పుడూ చూడనట్టు, గోడల్నీ కిటికీనీ కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.

"నేను వడ్డిస్తాను" అన్నాడాయన. వంటింట్లోకి వెళ్ళాడు. సొరుగులు లాగిన చప్పుడు, మూతలు పడ్డ చప్పుడు, మళ్ళీ సొరుగుల చప్పుడు.

"ఏమోయ్, గరిటెలు ఎక్కడుంటాయి?"

ఆవిడ అలవాటుగా లేవబోయింది. అమ్మాయి వెనకనించి భుజాలు నొక్కిపెట్టింది. ఆవిడ మళ్ళీ కూర్చుని, వెనక్కి వాలి, వంటింట్లోకి వినపడేలా అంది.

"చెప్పను. వెతుక్కోండి. మీకు చూపు బాగానే ఉందిగా!"