నాలుగు కుట్ల పద్ధతి

గగన విహార సంఘం సభ్యులకు, శిక్షణార్థులకు తెలియజేయడమేమనగా, రిజర్వ్ పారాచూట్లను మడిచే పాత పద్ధతిని రద్దు చేసి, అధ్యక్షులవారి బావమరిది కనిపెట్టిన ఆధునిక పద్ధతిని తక్షణం అమల్లోకి తేవడమైనది.

పాత పద్ధతి మహా విసుగు. గుడ్డను పొడవాటి బల్ల మీద పరచాలి. తాళ్లు మెలిపడకుండా చూడాలి. పొర మీద పొరగా మడిచి, మోకాళ్లతో అదిమి గాలంతా తీయాలి. స్ప్రింగు నొక్కి, పిన్ను దూర్చి, సీలు వేయాలి. ఇంతా చేస్తే అది సంచిలో మూలుగుతూ పడి ఉంటుంది. అసలు పారాచూట్ మొరాయిస్తే తప్ప దాని మొహం చూసే దిక్కుండదు. ఎవరూ చూడని పనికి ఇంత శ్రద్ధ దేనికని సంఘానికి జ్ఞానోదయమైంది.

ఆధునిక పద్ధతిలో గుడ్డను శుభ్రంగా ఇస్త్రీ చేస్తారు. చుట్టచుట్టి సంచిలో కుక్కి, రెండు కలరా ఉండలు వేసి, పొరపాటున తెరుచుకోకుండా మూతకు గట్టిగా నాలుగు కుట్లు వేస్తారు. చూడటానికి రెండు కళ్లూ చాలవు.

ఈ ఉద్యోగం తమ్ముడికి ఇప్పించింది అధ్యక్షుడి భార్యే. "వాడు ఖాళీగా తిరుగుతుంటే నా పరువు పోతోందండీ. మడతలు పెట్టడానికి మహా విద్య కావాలా?" అని భర్త చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు తన దుప్పటి మడిచిన పాపాన పోలేదని ఆమెకు తెలుసు. కానీ ఆ సంచులతో ఆకాశంలోంచి దూకేది ఊళ్లోవాళ్ల పిల్లలు. కాబట్టి ఆమెకు నిద్ర బాగానే పట్టింది.

వార్షికోత్సవానికి తానే స్వయంగా దూకుతానని అధ్యక్షుడు ప్రకటించాక ఆ నిద్ర పట్టడం మానేసింది.

"మీ రిజర్వ్ సంచీ ఎవరు మడిచారండీ?" అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఇంకెవరు, మీవాడే! ఆ కుట్లు చూశావా, ఏనుగు లాగినా ఊడవు."

గరిటె గాలిలోనే ఆగిపోయింది. నోరు విప్పితే తమ్ముడి ఉద్యోగం పోతుంది. విప్పకపోతే మొగుడు పోతాడు.

మర్నాడు భర్త గడప దాటగానే ఆమె ఆ సంచీని పాత దుప్పట్లో మూటగట్టి, ఇన్నాళ్లూ పాత పద్ధతిలో పారాచూట్లు మడిచినందుకు సంఘం సన్మానించి మరీ ఇంటికి పంపేసిన మడతల మామయ్య తలుపు తట్టింది. ఆయన ముందు మూటను, తర్వాత ఆమెను చూశాడు.

"రామ్మా, రా. మీ ఇంటినుంచి ఇంకా రాలేదేమా అనుకుంటున్నా."

లోపల కాలు పెట్టే చోటు లేదు. అన్నీ పారాచూట్లే. కార్యదర్శిది, కోశాధికారిది, ఆధునిక పద్ధతి కోసం బల్లగుద్ది వాదించిన ఉపాధ్యక్షుడిది. మంచం మీద ఒకటి మడత పూర్తయి, సీలు పడి సిద్ధంగా ఉంది.

"ఇదెవరిది మామయ్యా?"

"మీ తమ్ముడిదేనమ్మా. అందరికంటే ముందొచ్చాడు. 'నాదొక్కటీ పాత పద్ధతిలో పెట్టు మామయ్యా' అని గడ్డం పట్టుకున్నాడు. జనానికి అనుమానం రాకుండా పైన నాలుగు ఉత్తుత్తి కుట్లు కూడా వేయమన్నాడు."

"వాడికి బుర్ర లేదని ఎవరన్నారు!" ఆమె మురిసిపోయింది. "మావారిదానికీ అలాగే చేసిపెట్టండి."

వార్షికోత్సవం వైభవంగా జరిగింది. "నిపుణుల కోసం వెతుక్కోవడం పిరికివాళ్ల లక్షణం! మనవాళ్ల మీద నమ్మకమే మన అసలైన పారాచూట్!" అని అధ్యక్షుడు మైకు అదిరేలా ఉపన్యసించాడు. ఆయన భార్య ముందు వరుసలో కూర్చుని చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టింది. విమానమెక్కబోతూ శిక్షణ పొందుతున్న పిల్ల ఒకతె ఆగి, వీపు చూపించింది.

"ఆంటీ, ఈ కుట్లు ఎంత ముద్దుగా ఉన్నాయో!"

"మా తమ్ముడి చేతి పనమ్మా," అంది ఆమె, కుట్టు మీద దుమ్ము దులిపి.

ఆ రోజు అదృష్టం బాగుండి అసలు పారాచూట్లన్నీ తెరుచుకున్నాయి. రిజర్వ్ పద్ధతి దిగ్విజయమైందని సంఘం తీర్మానించి బావమరిదికి పదోన్నతి ఇచ్చింది. ఇంతవరకూ ఆ పద్ధతి మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. రావాలంటే ఫిర్యాదుదారు నిలబడే స్థితిలో ఉండాలి మరి.

పాఠకులు కంగారుపడి వీపులు తడుముకోనక్కర్లేదు. మీ సంచీ మడిచింది ఎవరి తమ్ముడో గానీ, కుట్లు మాత్రం చాలా గట్టివి.